గవర్రాజు గారు చూపించిన గడ్డి

ఈ మధ్య పోర్ట్ బ్లెయిర్ దగ్గర మా ప్రోతరాపూర్ ఇంటి వెనక కిటికీ తీస్తే ఒక వాసన వస్తోంది. వాన వెలిసి ఎండ కాస్తే మరీ ఎక్కువ. తడిసిన గడ్డివాములోంచి వచ్చే వెచ్చటి వాసనకు ఉప్పు, కాస్త చేపల బుట్ట వాసన కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పక్కింటి బెంగాలీ ఆయన, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు గడ్డిని బస్తాల్లో తెచ్చి తన వంగ మొక్కల మొదళ్ళలో పరిచాడు. మట్టి తడి ఆరకుండా ఉంటుందట. మా కోడలు ముక్కు మూసుకుని కిటికీ వేసేస్తుంది. ఆమె బజారుకు వెళ్ళగానే నేను లేచి తీస్తాను. నిన్న గోడ దగ్గరికి వెళ్ళి ఒక పోచ అడిగి తెచ్చుకున్నాను. రిబ్బను ముక్కలా పల్చగా, నల్లబడి ఉంది. "దీదీ, ఇస్కా క్యా కరేగా?" అని ఆయన నవ్వాడు. ఏం చేస్తానో నాకూ తెలియదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే మాయాబందర్ గుర్తొచ్చింది. ఆ వెనకే గవర్రాజు గారు గుర్తొచ్చారు.

గవర్రాజు గారు నా ఉద్యోగంలో మొదటి పైఅధికారి. మాయాబందర్ జెట్టీ పక్కన రేకుల షెడ్డులో చేపల శాఖ వారి చిన్న ఆఫీసు ఉండేది. దానికి ఆయన ఇన్‌స్పెక్టరు. భీమిలి వైపు మనిషి. పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటుతో ఉండేవారు. మా నాన్న ప్రోతరాపూర్ బడిలో మాస్టారు. టైపు నేర్పించి, గుమస్తా ఉద్యోగం వస్తే, "ఆడపిల్ల ఒక్కత్తీ అంత దూరమా" అని చుట్టుపక్కల వాళ్ళు అంటున్నా వినకుండా నన్ను ఓడ ఎక్కించారు. అప్పటికి రోడ్డు ఇంకా అంత దూరం రాలేదు. ఓడలో కక్కుకుంటూ వెళ్ళి దిగిన నాకు, నేరుగా ఆఫీసుకు వెళితే ఎదురైన దృశ్యం ఇదీ: అధికారి గారు నేను టైపు చెయ్యాల్సిన బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, ఒక పెద్ద చేపను నిలువునా కోసి, దాని కడుపులో వేళ్ళు పెట్టి వెతుకుతున్నారు.

"నువ్వేనా వసంత? కూర్చో అమ్మా. చేప వండడం వచ్చా?" అని అడిగారు.

"వచ్చండి."

"వండేముందు కడుపులో ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"పారేస్తాం కదండీ."

"అందరం అదే చేస్తాం. ఇది పొద్దున్నుంచీ ఎక్కడ తిరిగిందో, ఏం చేసిందో మొత్తం ఇందులోనే ఉంటుంది. మనం దాన్ని పిల్లికి వేసేసి, సముద్రం సంగతి ఎవరికీ తెలియదని అనుకుంటాం." అని ఒక చిన్న చేపను బయటికి తీశారు. దాని కడుపూ కోశారు. లోపల గోరంత పీత ఒకటి చెక్కు చెదరకుండా ఉంది. ఆయన మొహం చూస్తే పెళ్ళిలో పాయసం వడ్డించినట్టు ఉంది. నేను ఏ మనిషి కింద ఉద్యోగానికి వచ్చానో అని ఆ క్షణంలో కొంచెం భయపడ్డాను. తర్వాత ఆ బల్లను సోడా ఉప్పుతో కడుక్కుని టైపు మిషను పెట్టుకున్నాను. ఆ వాసన మాత్రం నేను అక్కడ పని చేసినన్నాళ్ళూ పోలేదు.

ఆ రోజుల్లో దీవులకు వచ్చిన ఉద్యోగుల్లో చాలామందికి అన్నీ తెలుసు. తెలియదంటే చిన్నతనం. గవర్రాజు గారు మాత్రం ఎవరేం అడిగినా ముందు "నాకు తెలీదు" అనేవారు. అది కూడా సిగ్గుపడుతూ కాదు, ఏదో దొరికినవాడిలా అనేవారు. అలాగని ఎవరు చెప్పినా ఊరికే నమ్మేవారు కూడా కాదు. పుస్తకంలో ఉన్నదాన్నీ, పల్లెవాళ్ళు చెప్పినదాన్నీ ఒకేలా పక్కన పెట్టి, చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగి చూసి వచ్చేవారు. జెట్టీ స్తంభాలకు పట్టిన గవ్వలు ఒక వైపే ఎందుకు దట్టంగా ఉన్నాయి, వాన పడే ముందు కొంగలు మడ చెట్ల మీదికి ఎందుకు చేరతాయి, ఇలాంటివి ఆయన బుర్రలో తిరుగుతూ ఉండేవి. భోజనం దగ్గర కూడా అవే. నాకు మొదట్లో విసుగొచ్చేది. కొన్ని నెలలకు నేను కూడా జెట్టీ మీద నడుస్తూ స్తంభాలకేసి వంగి చూస్తున్నానని ఒకరోజు నాకే తెలిసి నవ్వొచ్చింది.

ఆయన అసలు పని చేపల వేట పెంచడం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి సముద్రం నేలలోకి వంగి వచ్చిన అక్కడి వంపు ఒడ్డున ఇళ్ళు వేసుకున్న జాలరి కుటుంబాలకు నైలాను వలలు, పడవలు ఇప్పించడం. వాళ్ళు తెచ్చుకున్న నూలు వలలు ఒక వానాకాలానికే చివికిపోయేవి. సొరలకు, టేకు చేపలకు పనికొచ్చే పెద్ద కన్నుల నైలాను వలలు ఓడలో దిగిన రోజు ఆ పల్లెకు పండగ. పల్లెకు పెద్దలాంటి ఎర్రయ్య వల కొసను రెండు చేతులతో లాగి చూసి, "ఇది మా మనవల కాలందాకా ఉంటాది బాబూ" అన్నాడు. గవర్రాజు గారు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ వలల కోసం ఎన్ని ఉత్తరాలు రాయించారో టైపు చేసిన నా వేళ్ళకు తెలుసు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం ఎర్రయ్య మేనల్లుడు పరుగున వచ్చి, వలలో పెద్ద పానీ సువర్ పడిందని చెప్పాడు. నీటిపంది అని దాని అర్థం. దీవుల్లో అందరూ హిందీలో అదే పేరుతో పిలిచేవారు. సముద్రంలో బతికే పెద్ద జంతువు, మాంసం బాగుంటుంది అని తప్ప నాకూ అంతకన్నా తెలియదు. గవర్రాజు గారు కూడా పేరు వినడమే గానీ చూడలేదు. ఇద్దరం పరుగులాంటి నడకతో వెళ్ళాం. ఒడ్డు ఇసకలో అది బోర్లా పడి ఉంది. ఎద్దు అంత ఒళ్ళు, బూడిద రంగు మందపాటి చర్మం, దాని మీద అక్కడక్కడ వెంట్రుకలు. చేపలా చీలిన తోక. మూతి మాత్రం ఏ చేపకూ లేనట్టు వెడల్పుగా, మెత్తగా, కిందికి వాలి ఉంది. రాత్రి వేసి వదిలేసిన వలలో చిక్కుకుంది. పైకి వచ్చి ఊపిరి తీసుకోవాల్సిన జంతువు, వల బరువుకు పైకి రాలేక నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు వాటాల కోసం గిన్నెలు, బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఎర్రయ్య కత్తి నూరుతున్నాడు.

గవర్రాజు గారు మోకాళ్ళ మీద కూర్చుని దాని నోరు తెరిచి చూశారు. పళ్ళ సందుల్లో పచ్చగా ఏదో ఉంది. పొట్ట కోయమని అడిగారు. కోస్తే లోపలంతా గడ్డి. నమిలిన, సగం నమిలిన, ఇంకా పచ్చగా ఉన్న గడ్డి బుట్టలకు బుట్టలు. చేప ముల్లు ఒక్కటి లేదు. ఆయన ఒక గుప్పెడు తీసి వాసన చూసి, నా చేతిలో పెట్టారు.

"వసంతా, ఇది పంది కాదమ్మా. ఇది ఆవు. సముద్రంలో మేస్తోంది. మేస్తోందంటే కింద ఎక్కడో బీడు ఉంది. ఇన్నేళ్ళుగా ఆ నీళ్ళ మీద పడవలో తిరుగుతున్నాను, కింద ఏముందో నాకు తెలీదు."

అప్పుడే ఎర్రయ్య తల్లి నూకాలమ్మ ముందుకు వచ్చింది. బజారులో "తాజా హై దీదీ, లేలో" అంటూ చేపలమ్మే గట్టి మనిషి. వాటాకు తెచ్చిన బుట్ట చంకన ఉంది. గవర్రాజు గారు ఆ జంతువు ముందు రెక్కను పైకెత్తినప్పుడు, దాని మొదట్లో ఆడవాళ్ళకున్నట్టే రొమ్ము కనపడింది. ఆమె వంగి రెండు వేళ్ళతో నొక్కింది. తెల్లటి పాలు చిమ్మి ఆమె చెయ్యి తడిసింది. ఆమె ఆ చేతిని చీరకు తుడుచుకోలేదు. అలాగే పట్టుకుని చూస్తూ, "ఇది బాలెంత బాబూ" అంది. తర్వాత ఖాళీ బుట్టతో ఇంటికి వెళ్ళిపోయింది.

ఈ జంతువును చంపకూడదని, మాంసం అమ్మకూడదని ప్రభుత్వం చట్టం చేసి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఆ కాగితాన్ని ఫైలులో పెట్టింది నేనే. అందులో డ్యూగాంగ్ అన్న పేరు చూసి ఏ దేశపు జంతువో అనుకున్నాను. అది ఈ పానీ సువరేనని గవర్రాజు గారు చెబితే ఇప్పుడు తెలిసింది, నా కాళ్ళ ముందే ఉంది. గవర్రాజు గారు లేచి నిలబడి, "ఎర్రయ్యా, దీన్ని పాతిపెట్టాలి" అన్నారు.

ఎర్రయ్య కత్తి దించలేదు. "మావేటి కావాలని సంపినామా బాబూ? ఒలలో పడి సచ్చిపోనాది. ఇప్పుడు పాతేత్తే అది లేసొత్తాదా? పిల్లలు తింటారు కదా."

"తింటారు. ఇవాళ తింటే, రేపు ఇంకోటి పడుతుందా అని ఎదురు చూస్తారు. కేసు రాయమని చట్టం చెబుతోంది. నేను రాయను. వల ఇచ్చింది నేను. రాస్తే మొదటి పేరు నాదే రాయాలి. కానీ దీన్ని పంచనివ్వను."

ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. పల్లెంతా చూస్తుండగా తనే పార తీసుకుని ఇసక తవ్వడం మొదలుపెట్టారు. చాలాసేపు ఒక్కరే తవ్వారు. చివరికి ఎర్రయ్య మేనల్లుడు, ఇంకొందరు సాయం పట్టారు. ఎర్రయ్య మాత్రం దూరంగా పడవ అంచున కూర్చుండిపోయాడు. ఆ రోజు తర్వాత అతను ఆఫీసు గుమ్మం తొక్కలేదు. బజారులో నేను ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. సర్కారు వాళ్ళు పందికి ఇచ్చిన విలువ మనుషులకు ఇవ్వరని అన్నాడని నాకు తెలిసింది. నాకు ఆ మాట గుచ్చుకుంది. గవర్రాజు గారికి చెబితే, "అతని వైపునుంచి చూస్తే నిజమే కదా" అన్నారు.

పాతిపెట్టిన రోజే మధ్యాహ్నం గవర్రాజు గారు, నేను డుంగీలో వల వేసిన చోటుకు వెళ్ళాం. నాటు పడవను అక్కడ డుంగీ అనేవారు. నీళ్ళు పచ్చగా, నిలకడగా ఉన్నాయి. కాసేపటికి మాకు దగ్గరలోనే ఫూమని ఎవరో నిట్టూర్చినట్టు వినపడింది. చిన్న మూతి ఒకటి పైకి లేచింది. రెండు ముక్కు రంధ్రాలు తెరుచుకుని మూసుకున్నాయి. మళ్ళీ మునిగింది. పిల్ల. అది వల ఉన్న చోటు చుట్టూనే తిరుగుతోంది. కొంచెం దూరం వెళ్ళి, మళ్ళీ వచ్చి, మూతి నీళ్ళ పైకి పెడుతోంది.

"దానికి ఇంకా పాలే కావాలా, గడ్డి తినే వయసు వచ్చిందా?" అని ఆయన గుసగుసగా అడిగారు. నన్ను అడిగినట్టు లేదు. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. మర్నాడు, ఆ మర్నాడు కూడా అది కనపడింది. తర్వాత కనపడలేదు. ఒడ్డుకు కొట్టుకు రాలేదు. ఎక్కడికి పోయిందో, బతికిందో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, కానీ ఆ వారమంతా నాకు డిక్టేషను ఇస్తూ మధ్యలో ఆగి కిటికీలోంచి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయేవారు. ఏ వాక్యం దగ్గర ఆగారో నేనే గుర్తుచేసేదాన్ని.

అమావాస్య తర్వాత పెద్ద ఆటు వచ్చి నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన రోజున ఆయన నన్నూ రమ్మన్నారు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఆయన ఇచ్చిన కర్ర పట్టుకుని బురదలోకి దిగాను. పడవలో అన్నిసార్లు దాటిన చోటే అది. నీళ్ళు తప్పుకోగానే కింద కంటికి ఆనినంత మేర పచ్చిక. పోచలన్నీ నీటి వాలుకు ఒకే వైపు దువ్వినట్టు పడుకుని ఉన్నాయి. అడుగు వేస్తే వాటి మధ్యనుంచి చిన్న పీతలు, గవ్వపురుగులు, దారప్పోగుల్లాంటి చేపపిల్లలు చెదిరిపోతున్నాయి. నేను ఆ ఊరికి వచ్చి ఎన్నాళ్ళో అయింది. నా ఇంటి వాకిలి ముందు ఇంత చేను ఉందని ఎవరూ చెప్పలేదు.

"ఇక్కడ చూడు" అని గవర్రాజు గారు పిలిచారు. పచ్చికలో వంకరటింకరగా ఒక దారి. మనిషి నడిచిన దారిలా లేదు. జానెడు వెడల్పున గడ్డి వేళ్ళతో సహా లేచిపోయి కింద ఇసక కనపడుతోంది. అది కొంత దూరం పాము నడకలా వెళ్ళి చటుక్కున ఆగిపోయింది. దాని పక్కనే ఇంకోటి. ఇంకో చోట పాత దారిలో మళ్ళీ లేత పోచలు మొలుస్తున్నాయి.

"ఇది మేసిన బాటేనా అండీ?"

"అనుకుంటున్నాను. మూతితో దున్నుకుంటూ పోయింది చూడు. ఊపిరి కోసం పైకి వెళ్ళిన చోట బాట ఆగిపోయింది. మళ్ళీ దిగినప్పుడు కొత్త బాట. అంటే ఒక్కో బాట ఒక్కో ఊపిరి అన్నమాట." ఆయన ఆ బాట పక్కనే బురదలో కూలబడ్డారు. "ఎంత పొడవు బాట అయితే అంతసేపు ఊపిరి బిగబట్టగలదు. వసంతా, ఇది ఎక్కడా రాసి ఉండదేమో."

ఎక్కడో రాసే ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఆ రోజు మా ఇద్దరికీ తెలియదు. బురదలో కూర్చుని ఒక జంతువు ఊపిరి పొడవును కళ్ళతో చూస్తున్నామన్న ఆనందంలో, పోటు తిరిగి నీళ్ళు మా మడమలు తాకేదాకా లేవలేదు.

ఆ తర్వాత పోటు సమయాల్లో ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాం. నీళ్ళు గడ్డి మీదికి ఎక్కినప్పుడు అవి మేతకు వచ్చేవి. ఒక్కోసారి రెండు, ఒక్కోసారి ఒక్కటి, ఎక్కువసార్లు ఏమీ ఉండేవి కావు. ఒక ఆదివారం వెనక అలికిడి అయితే తిరిగి చూశాను. నూకాలమ్మ. కొడుకుతో మాటలు లేని సర్కారు మనుషుల దగ్గరికి వచ్చి, పక్క రాయి మీద కూర్చుంది. చాలాసేపటికి, "ఆపీసమ్మా, ఇది గడ్డిని మూతితో పీకుతాదా, ఆవులాగ నాలికతో సుడతాదా?" అని అడిగింది. గవర్రాజు గారు మెరుపు తగిలినట్టు ఆమె వైపు తిరిగారు. ఇద్దరూ దాని మీద పోట్లాడుకున్నంత పని చేశారు. పై పెదవే చేతిలా పనిచేస్తుందని ఆయన, అంత మెత్తటి పెదవితో వేళ్ళు పెకలవని ఆమె. మరుసటి ఆదివారమూ వచ్చింది. ఉప్పుచేప, అన్నం మూట కట్టుకుని వచ్చింది. మాంసం తిన్న రోజులు ఉన్నాయా అని నేను అడిగితే, "తిన్నాను. బాగుంటాది. ఆ పాలు సేతికి అంటినకాడినుంచీ సయించదు" అని నిమ్మళంగా చెప్పింది.

ఎర్రయ్యను, మిగతా జాలర్లను వలలు ఆరేసే చోట కూర్చోబెట్టింది ఆవిడే. గవర్రాజు గారు లేచి, గడ్డి ఉన్న వంపులో పెద్ద కన్నుల వలలు వెయ్యొద్దని చెప్పారు. ఆ గడ్డిలోనే చేపపిల్లలు పెరుగుతున్నాయని, ఆ జంతువు మిగిలినవి చాలా తక్కువని, ఈడుకు రావడానికీ పిల్లను కనడానికీ ఏళ్ళు పడుతుందని చెప్పారు. ఎర్రయ్య అంతా విన్నాడు.

"గాలికాలంలో మావు బయటికెల్లలేం బాబూ. ఆ వంపు వొక్కటే మాకు దిక్కు. అది ఒగ్గేసి మావేటి తినాల? మీ జీతం వానాకాలంలో ఆగదు కదా."

 గవర్రాజు గారు, "నువ్వు చెప్పింది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు" అని కూర్చుండిపోయారు. అధికారి అలా అంటాడని ఎవరూ అనుకోలేదు. కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కడినుంచే అసలు మాటలు మొదలయ్యాయి. వల వెయ్యకపోవడం కుదరదు. వేసి వదిలేసి ఇంటికి పోకుండా ఉండడం కుదురుతుందా? వల దగ్గరే డుంగీలో ఒకరు కూర్చుంటే, జంతువు తగలగానే వల పైన తేలే బెండ్లు మునుగుతాయి, తెలిసిపోతుంది. వెంటనే దాని మూతి నీళ్ళ పైకి ఎత్తితే చావదు. "ఒల కొయ్యాల్సొత్తాది మరి" అన్నాడు ఎర్రయ్య. కోసిన వలకు బదులు కొత్త వల ఇప్పిస్తానని గవర్రాజు గారు మాట ఇచ్చారు. అలా ఇవ్వడానికి ఆయనకు అధికారం లేదని ఆ గుంపులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ మాటకు పరీక్ష వానలు మొదలైన కొత్తలోనే వచ్చింది. ఆ ఉదయం మేము ఆఫీసు డుంగీలో వంపు దాటుతున్నాం. ఎర్రయ్య వల దగ్గర కాపలా ఉన్నాడు. ఉన్నట్టుండి వరసగా బెండ్లు నీళ్ళలోకి గుంజుకుపోయాయి. వల ఒక పక్కకు సాగి నీళ్ళు కుతకుత ఉడికినట్టు లేచాయి. ఎర్రయ్య తన డుంగీలోంచి లేచి ఒక్క క్షణం నిలబడ్డాడు. అతని చేతిలో కత్తి ఉంది. కింద కొత్త వల ఉంది. ఆ క్షణంలో అతను ఏం ఆలోచించాడో ఎప్పుడూ చెప్పలేదు. కత్తి పళ్ళతో కరుచుకుని దూకాడు.

మేము దగ్గరికి వెళ్ళేసరికి అతను ఒక చేత్తో దాని మెడ కింద పట్టి మూతి పైకి ఎత్తుతున్నాడు. అది తోకతో కొడితే అతను కొట్టుకుపోతున్నాడు. మళ్ళీ పట్టుకుంటున్నాడు. "బాబూ, మూతి పట్టండి, మూతి" అని అరిచాడు. గవర్రాజు గారు పడవ అంచున బోర్లా పడుకుని రెండు చేతులూ చాచి పట్టుకున్నారు. నేను ఆయన నడుము పట్టుకుని వెనక్కి వాలాను. లేకపోతే మేమిద్దరం కూడా నీళ్ళలోనే. మూతి పైకి రాగానే ముక్కులు తెరుచుకున్నాయి. ఆ ఊపిరి నా మొహానికి కొట్టింది. పచ్చిగడ్డి వాసన, పాలు తాగే దూడ నోటి వాసన. ఎర్రయ్య ఒక్కో పోగూ కోస్తున్నాడు. వల విడిపోగానే అది మమ్మల్ని ఒక్క ఊపు ఊపి కిందికి వెళ్ళిపోయింది. చాలా దూరాన మళ్ళీ ఫూమని వినపడింది. ఎర్రయ్య పడవ అంచు పట్టుకుని రొప్పుతూ, "దాని ఒళ్ళు ఏడిగా ఉంది బాబూ. మనకి మల్లేనే" అన్నాడు.  గవర్రాజు గారు తన రెండు చేతులకేసీ చూసుకుంటున్నారు.

కొత్త వల రాలేదు. నేను టైపు చేసిన ఉత్తరాలకు పై ఆఫీసు నుంచి వచ్చిన జవాబు, ఎవరి ఉత్తర్వు మీద ఆ మాట ఇచ్చారో సంజాయిషీ రాయమని. ఆయన దాన్ని చదివి, మడిచి, నన్ను తీసుకుని పల్లెకు వెళ్ళారు. "ఎర్రయ్యా, నేను ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయాను. వల నేనే బాగుచేస్తాను. నేర్పించు" అన్నారు. ఆ వాన రోజుల్లో సాయంత్రాలు ఎర్రయ్య ఇంటి చూరు కింద కూర్చుని, వెదురు సూదితో చినిగిన కన్నులు కట్టడానికి తంటాలు పడ్డారు. ఆయన కట్టిన ముడులు చూసి పల్లెలోని పిల్లలు కూడా నవ్వేవారు. ఎర్రయ్య వాటిని విప్పి మళ్ళీ కట్టేవాడు. నూకాలమ్మ నాకు నేర్పింది. నా ముడులు ఆయనకన్నా మెరుగని ఎర్రయ్యే ఒప్పుకున్నాడు. వల పూర్తయ్యే సరికి గవర్రాజు గారికీ అతనికీ మధ్య పాత చనువు మళ్ళీ వచ్చింది. ఆ ఏడు గాలికాలమంతా వంపులో వల దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉన్నారు. ఎవరి వలలోనూ ఒక్కటి కూడా చావలేదు.

మరుసటి ఏడు గవర్రాజు గారిని పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ చేశారు. అది శిక్షో, మామూలు బదిలీయో ఆయనే తేల్చుకోలేదు. ఓడ ఎక్కే ముందు జెట్టీ మీద ఎర్రయ్య ఆయన చెయ్యి వదలలేదు. ఆయన నాతో మాత్రం వీడ్కోలు మాట ఏమీ చెప్పలేదు. ఓడ నిచ్చెన మీద సగం ఎక్కి వెనక్కి తిరిగి, "వసంతా, అవి నిద్ర ఎలా పోతాయో మనం చూడనేలేదు" అన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు పదవీ విరమణ చేసి భీమిలి వెళ్ళిపోయారు. అక్కడే పోయారని కబురు చాలా ఆలస్యంగా అందింది. నేను ఆ రోజు ఆఫీసులో పని ఆపలేదు. సాయంత్రం రాళ్ళ దగ్గరికి వెళ్ళి నూకాలమ్మ పక్కన కూర్చున్నాను. 

ఆయన ఆ జంతువులను కాపాడారని నేను రాయలేను. దీవుల్లో అవి ఇప్పుడు చాలా అరుదు. మర పడవలు పెరిగాయి, కాపలా లేని వలలు పెరిగాయి, కొన్ని చోట్ల గడ్డే పోయింది. కానీ నేను ఉన్నన్నాళ్ళూ ఆ వంపులోకి అవి వచ్చాయి. వాటిని మేయనిచ్చిన మనుషులు కొందరు ఉన్నారు. దాన్ని గెలుపు అనాలో వాయిదా అనాలో నాకు తెలియదు.

ఆయన వెళ్ళాక వచ్చిన ఇన్‌స్పెక్టరు చేరిన వారంలోనే, పెద్ద కన్నుల వలలు ఇంకొన్ని తెప్పించడానికి ఉత్తరం టైపు చెయ్యమన్నారు. నేను కాగితం మిషనులో పెట్టి ఆగాను. నేను గుమస్తాను. అప్పటిదాకా ఏ అధికారికీ ఎదురు మాట చెప్పలేదు. "టైపు చేస్తాను సార్. రేపు ఆటు పెద్దది. ముందు ఒక చోటు చూసి వద్దాం రండి" అన్నాను. ఆయన విసుక్కుంటూనే వచ్చారు, బూట్లు పాడయ్యాయని గొణిగారు, వల వేసిన వాళ్ళు కాపలా ఉండాలని ఉత్తరంలో ఒక వాక్యం కలపడానికి ఒప్పుకున్నారు. అలా రిటైరయ్యేదాకా ఆ ఆఫీసుకు వచ్చిన ప్రతి అధికారినీ నేను ఆ గడ్డిలోకి నడిపించాను. కొందరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన వాచీ చూసుకున్నారు. చివరగా వచ్చింది ఒక చిన్నవాడు. దీవుల్లోనే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. నేను మేత బాట చూపించగానే ప్యాంటు మడిచి, దాని వెంటే వంగి నడుచుకుంటూ పోయాడు. ఒక చోట ఆగి నన్ను పిలిచాడు.

"ఆంటీ, ఇది చూడండి. ఇక్కడిదాకా తిన్నాది. ఈ కొంచెం వదిలేసి, మళ్ళీ అక్కడ్నుంచి తిన్నాది. గడ్డి ఒక్కటే కదా, సేమ్ టు సేమ్. మరి ఇదెందుకు వదిలేసింది?"

నేను అన్నేళ్ళలో ఎప్పుడూ దాన్ని గమనించలేదు. దగ్గరికి వెళ్ళి చూశాను. నిజమే. రెండు బాటల మధ్య అరచేయంత పచ్చిక, ఎవరో చేత్తో అడ్డుపెట్టినట్టు, తాకకుండా మిగిలి ఉంది. పోచలు తడిమి చూశాను. వేళ్ళు తడిమి చూశాను. తేడా తెలియలేదు. ఆ అబ్బాయీ నేనూ పోటు వచ్చేదాకా అక్కడే వంగి ఉండిపోయాం. ఉద్యోగం విరమించి ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది, జవాబు ఇంకా దొరకలేదు.